పసుపు వాడని వారం

అరవై రెండేళ్ళు వచ్చేవరకూ నాకు రాయడం రాదు. చదువుకోవద్దని ఎవరూ అనలేదు. మా నాన్నకి బస్టాండు పక్కన టిఫిను హోటలు ఉండేది. బడి గంట కొట్టే వేళకే మాకు పెసరట్ల గిరాకీ. ఇంట్లో పెద్దపిల్లని కాబట్టి పిండి రుబ్బే చెయ్యి నాదే. "రేపట్నించి బళ్ళో వేద్దాం" అని మా అమ్మ అంటూనే ఉండేది. ఆ రేపు రాకముందే నాకు పెళ్ళయింది. తరవాత పెద్దగా అవసరం పడలేదు. ఉత్తరాలూ పేపరూ మా ఆయన చదివి వినిపించేవారు. అంకెలు మాత్రం బస్సుల మీద చూసి చూసి వాటంతట అవే వచ్చాయి.

ఆయన పోయాక అమెరికాలో మా అమ్మాయి దగ్గరికి వచ్చేశాను. ఇక్కడ మా కమ్యూనిటీ క్లబ్‌హౌస్‌లో ఆదివారాలు తెలుగు బడి పెడతారు. పక్కింటి పాపని అక్కడికి నడిపించి తీసుకెళ్ళడం, మళ్ళీ తీసుకురావడం నా పని. రెండు గంటలు బయట కూర్చోలేక లోపలికి వెళ్ళి వెనక కుర్చీలో చేరాను. ఆరేళ్ళ పిల్లలతోపాటు అక్షరాలు దిద్దాను. ఒత్తులు వాళ్ళకంటే నాకే ముందు పట్టుబడ్డాయి. వాళ్ళు నాకంటే ముందు ఇంటికి పరిగెత్తేవాళ్ళు, అంతే తేడా.

రాయడం వచ్చాక "నీ చిన్నతనం గురించి రాయమ్మా" అంది మా అమ్మాయి. అందులో రుబ్బురోలు తప్ప ఏముంది? నాకు రాయాలనిపించింది మొన్న నవంబరులో, సీజన్‌లో ఆఖరి ఆటకి ముందు గడిచిన ఆ వారం గురించి.

మా మనవరాలు ఇంటికి గంట దూరంలో ఉన్న యూనివర్సిటీలో చదువుతోంది. అక్కడి ఫుట్‌బాల్ టీమ్‌కి పెద్ద బ్యాండు ఉంది. అందులో తను డ్రమ్ము వాయిస్తుంది. ఈ దేశపు ఫుట్‌బాల్‌లో బంతిని చంకన పెట్టుకుని పరిగెత్తుతారు. నాలుగు ప్రయత్నాల్లో పది గజాలు ముందుకు జరగాలి. జరగలేకపోతే బంతి అవతలివాళ్ళకి పోతుంది. నాకు తెలిసింది అంతే, అరవడానికి అది చాలు.

తను చేరిన ఏడాదే ఆ టీమ్‌కి కొత్త కోచ్ వచ్చాడు. పాత ఆటగాళ్ళు సగంమంది వెళ్ళిపోయారు. ఆ ఏడు ఒకే ఒక్క ఆట గెలిచారు. ప్రతి శనివారం ఓడిపోయి ఇంటికొస్తుంటే మా అల్లుడు కారు నడుపుతూ చెప్పేవారు.

"ఇది రీబిల్డింగ్ అండీ అత్తయ్యా. ఇల్లు కట్టడంలాంటిదే. ముందు పునాది పడాలి."

మూడో ఏడు కూడా అదే వరస. ఒకరోజు వానలో తడిసి ముద్దయి, ఓడిపోయి వస్తుంటే ఆగలేక అడిగేశాను.

"ఏం బాబూ, మీ పునాది ఇంకా ఆరలేదా?"

"క్యూరింగ్ అవుతోందండీ" అన్నారు, వైపర్ల వేగం ఇంకాస్త పెంచుతూ.

నాలుగో ఏడు ఇల్లు కొంచెం లేచింది. పన్నెండు ఆటల్లో పదకొండు అయ్యేసరికి ఐదు గెలిచారు. ఆరు గెలిస్తే డిసెంబరులో వేరే ఊళ్ళో ఇంకో ఆట ఆడనిస్తారు. టీమ్‌తోపాటు బ్యాండునీ తీసుకెళ్తారు. మా మనవరాలికి అది చివరి ఏడు. పదకొండేళ్ళప్పటి నుంచి డ్రమ్ము వాయిస్తోంది. చదువైపోతే ఉద్యోగం, అపార్ట్‌మెంటు. అపార్ట్‌మెంటులో డ్రమ్ము కొడితే ఎవరు ఊరుకుంటారు? రెండు వందలమంది మధ్య నిలబడి వాయించడమన్నది ఇక జీవితంలో ఉండదు. శనివారం ఓడిపోతే అదే తనకి ఆఖరు. గెలిస్తే ఇంకో నెల.

పైకి ఏమీ అనేది కాదు. "ఇట్స్ ఫైన్ అమ్మమ్మా, ఏదైనా ఓకే" అనేది. కానీ థాంక్స్‌గివింగ్ సెలవులకి ఇంటికొచ్చిందగ్గర నుంచీ ఆ వేళ్ళు ఒకచోట ఉండలేదు. అన్నం తింటూ ఎడంచేత్తో బల్ల మీద వాయించడం, బ్రష్ చేస్తూ సింకు మీద వాయించడం.

ఆట రోజున స్టేడియం పక్క పార్కింగ్ లాట్‌లో పొద్దున్నుంచే సందడి. కార్లు వెనక్కి పెట్టి, డిక్కీలు తెరిచి, టెంట్లు వేసి వండుకు తింటారు. మా వరసలో మా పక్క చోటు ఒక పెద్దాయనది. అమెరికనే. స్కూలు బస్సు నడిపి రిటైరయ్యాడు. ఆ టీమ్ ఓడిపోతున్నన్నేళ్ళూ ఒక్క ఆటా మానకుండా వచ్చాడట. మనవరాలు పిలవడం విని నన్ను ఆయన కూడా అమ్మమ్మా అంటాడు. నా మిరపకాయ బజ్జీలంటే ప్రాణం. తిని కళ్ళంట నీళ్ళు కారుతుంటే ఇంకోటి అందుకుంటాడు.

ఆయనకి నమ్మకాలెక్కువ. ఆఖరి ఆట ఎప్పుడూ పక్క జిల్లా యూనివర్సిటీతోనే. వాళ్ళ రంగు పసుపు, మాది ఎరుపు. అందుకని ఆ వారమంతా ఆయన పసుపురంగు వస్తువు ముట్టడు. సాసేజీ మీద మస్టర్డ్ వేసుకోడు, అరటిపండు తినడు. మా వరసలో ఉన్న పదహారు మందీ అలాగే ఉండాలని ఆ ఏడు గట్టిగా చెప్పాడు. ఐదు గెలుపులదాకా వచ్చి దురదృష్టాన్ని కొనితెచ్చుకోకూడదన్నాడు.

మా అల్లుడు దీన్ని ఆఫీసు ప్రాజెక్టులా తీసుకున్నారు. వరసలో అందరికీ తెల్ల టీషర్టులు ప్రింటు చేయించారు, గుండెల మీద ఎర్రటి అక్షరాలతో. పదహారూ గురువారం సాయంత్రానికి వచ్చాయి. డైనింగ్ టేబుల్ మీద మడతలు విప్పకుండా దొంతరగా పెట్టారు.

శుక్రవారం పొద్దున్నే తలంటు పోసుకుని, దీపం పెట్టి వచ్చేసరికి అవి కనిపించాయి. కొత్తబట్ట కట్టుకునే ముందు ఒక మూల పసుపు పెట్టడం నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ అలవాటు. మా ఇంట్లో రుమాలైనా పసుపు పెట్టకుండా ఎవరూ వాడలేదు. అందులోనూ ఇవి మంచి పనికి కట్టుకునే బట్టలు. ఒక్కొక్కటే మడత విప్పి, కుడివైపు కింద అంచున తడిపసుపు బొట్టు పెట్టి, మళ్ళీ మడిచి పెట్టాను. పదహారూ అయ్యేసరికి అరగంట పట్టింది. మనసులో ప్రతి చొక్కాకీ ఒకసారి, పిల్లకి ఇంకో నెల ఇప్పించమని దేవుణ్ణి అడిగాను.

అల్లుడు కాఫీ కప్పుతో వచ్చి పైచొక్కా ఎత్తి చూశారు.

"అత్తయ్యా! ఇదేంటండీ?"

"కొత్తబట్ట కదా బాబూ. పసుపు పెట్టాను."

"దీనికొక్కదానికేనా?"

"ఒకరికి పెట్టి ఒకరికి మానేస్తానా? అందరికీ పెట్టాను."

ఆయన కప్పు కింద పెట్టేసి కుర్చీలో కూర్చున్నారు. మనవరాలు మెట్ల మీదనుంచే చూసింది. ముందు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. తరవాత ఆగలేక మెట్ల మీదే కూలబడి నవ్వింది.

"అమ్మమ్మా! నువ్వు ఎల్లో పెట్టావా? అన్నిటికీ ఎల్లో? ఓ మై గాడ్, హి ఈజ్ గోయింగ్ టు డై."

అప్పుడు గుర్తొచ్చింది నాకు పెద్దాయన మాట. వారమంతా మస్టర్డ్ సీసా ఫ్రిజ్‌లో వెనక్కి దాచినదాన్ని నేనే. కానీ పసుపు ఒక రంగని ఎప్పుడైనా అనుకున్నానా? నాకది పసుపు.

"నవ్వకే. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు."

"వాషింగ్ మెషీన్‌లో వేసేద్దామండీ" అన్నారు అల్లుడు.

"పసుపు మరక మెషీన్‌కి పోతుందా బాబూ? నాలుగు ఎండలు తగలాలి."

నవంబరు ఆఖరు. బయట ఎండే లేదు. కొత్తవి ప్రింటు చేయించడానికి టైము లేదు. అల్లుడు ఫోన్లో షాపుల పేర్లు వెతుకుతున్నారు. మనవరాలు నవ్వు ఆపేసింది. టేబుల్ మీద వేళ్ళు మళ్ళీ మొదలయ్యాయి. పసుపు చుక్క వల్ల ఆట ఓడిపోతారని తను నమ్మదు, చదువుకున్న పిల్ల. అయినా ఆ వేళ్ళ చప్పుడు నేను వినలేకపోయాను.

ఆ చప్పుడులోనే నాకు తట్టింది. పసుపునీళ్ళలో సున్నం వేస్తే ఏమవుతుంది? ఎర్రనీళ్ళవుతాయి. పెళ్ళివాళ్ళకీ బాలింతలకీ దిష్టి తీసేది వాటితోనే కదా. ఇంట్లో సున్నం లేదు. మా అమ్మాయి ఒక మందుల కంపెనీ ల్యాబ్‌లో పనిచేస్తుంది. దాన్ని లేపి అడిగాను.

"సున్నంలాంటిది ఇంకేముందే ఇంట్లో?"

"ఆల్కలీ కావాలి. లాండ్రీ రూమ్‌లో వాషింగ్ సోడా ఉందమ్మా" అంది కళ్ళు మూసుకునే. అంతలోనే లేచి కూర్చుంది. "ఎందుకు? ఏం చేశావు?"

సోడా కొంచెం నీళ్ళలో కలిపి, దూది ముంచి ఒక చుక్క మీద అద్దాను. చూస్తుండగానే ఎర్రబడింది. టీమ్ ఎరుపంత నిగనిగ లేదు, కొంచెం ఇటుకరంగు. కానీ ఎరుపే. నలుగురం టేబుల్ చుట్టూ కూర్చుని తలా నాలుగు చొక్కాలకి అద్దాం.

"అమ్మమ్మా, దిస్ ఈజ్ కెమిస్ట్రీ" అంది మనవరాలు.

"అదేదో నాకు తెలీదు. దిష్టి కూడా తీసినట్టయింది."

ఇక వంట మిగిలింది. శనివారానికి పులిహోర అనుకున్నాను. అదీ పసుపే. టమాటా అన్నం చేశాను, పోపులో చిటికెడు పసుపైనా లేకుండా. చెయ్యి రెండుసార్లు ఆ డబ్బా మీదకి దానంతటదే పోయింది.

శనివారం ఎనిమిదింటికల్లా లాట్‌లో ఉన్నాం. చలికి నేను చీరమీద స్వెట్టరు, దానిమీద ఆ టీషర్టు, కాళ్ళకి బూట్లు. పెద్దాయన చొక్కా తీసుకుని ముందు సంతోషించాడు. తరవాత అంచున ఉన్న చుక్క చూశాడు. ఇదేమిటని అడిగాడు. ఎవరూ ఏమీ అనకుండా ఉంటే సరిపోయేది. కానీ బ్యాండు దగ్గరికి వెళ్ళే ముందు మమ్మల్ని పలకరించడానికి వచ్చిన మనవరాలు జరిగినదంతా ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పేసింది. నేను ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాను.

ఆయన ఆ చుక్కని బొటనవేలితో రుద్ది చూశాడు. తరవాత మెల్లగా ఏదో అన్నాడు.

"ఏమంటున్నాడే?"

"నువ్వు వాళ్ళ కలర్ తీసుకుని మన కలర్ చేసేశావంట. వాళ్ళ పని అయిపోయిందంట."

ఆయన టోపీ తీసి నా ముందు పెట్టాడు. దానికి కూడా పెట్టమని. పదిహేనేళ్ళ టోపీ, కొత్తబట్ట కాదు. అయినా కాదనలేక, హ్యాండ్‌బ్యాగ్‌లో ఉన్న పసుపు పొట్లం తీశాను. అమ్మాయి సోడానీళ్ళ సీసా కారులోనే ఉంచింది, ఎందుకైనా మంచిదని. పసుపు పెట్టేటప్పుడు ఆయన కళ్ళు గట్టిగా మూసుకున్నాడు, ఎర్రబడ్డాకే తెరిచాడు. వెనక వరసవాళ్ళు చూశారు. పదకొండయ్యేసరికి నా కుర్చీ ముందు లైను. టోపీలు, కండువాలు, ఒకావిడ కుక్కపిల్ల స్వెట్టరు కూడా. "అత్తయ్యా, టోకెన్లు ఇమ్మంటారా?" అని అల్లుడు ఒకటే నవ్వు.

ఇంతలో బ్యాండు లాట్ మధ్యనుంచి స్టేడియంలోకి నడిచి వెళ్ళింది. మనవరాలు మా ముందునుంచే వెళ్ళింది, కానీ మావైపు చూడలేదు. వరస తప్పకూడదు. గడ్డం కింద టోపీ పట్టీ బిగుసుకుని ఉంది. లైనులో నిలబడ్డవాళ్ళంతా అటు తిరిగారు. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు. బజ్జీ కారమని చెప్పాడు. అప్పటికి ఆయన ఇంకా బజ్జీ తినలేదు.

ఆట సంగతి ఎక్కువ రాయలేను, సగంసేపు కళ్ళు మూసుకునే ఉన్నాను. చివరికి మావాళ్ళు మూడు పాయింట్లు ముందున్నారు, టైము నిమిషం కూడా లేదు. బంతి అవతలివాళ్ళ చేతిలో ఉంది. వాళ్ళకి నాలుగో ప్రయత్నం, రెండే గజాలు కావాలి. ఆ లెక్క నాకు తెలిసిన లెక్కే కాబట్టి ఎవరినీ అడగక్కర్లేకపోయింది. బంతి పట్టుకున్నవాడు మనుషుల్లోకి దూకాడు. మావాళ్ళు వాణ్ణి దూకిన చోటే ఆపేశారు. ఒక్క గజం కూడా ఇవ్వలేదు.

పెద్దాయన నన్ను ఎత్తినంత పని చేశాడు. అల్లుడు "పునాది! పునాది!" అని అరుస్తున్నారు, పక్కనున్న అమెరికనులకి ఏమర్థమైందో వాళ్ళూ అదే అరిచారు. నేను బ్యాండు వైపే చూస్తున్నాను. అంత దూరంలో మొహాలు తెలియవు. కానీ డ్రమ్ముల వరసలో ఒక పిల్ల కర్రలు రెండూ పైకెత్తి, దించడం మరిచిపోయి నిలబడింది. జనం మెట్లు దిగి వెళ్ళిపోయాక కూడా అరగంట వాయించారు. పెద్దాయనతో కలిపి మేం నలుగురం ఆఖర్న లేచాం.

మర్నాడు ఆదివారం నేను ఆరింటికే లేచాను. మనవరాలి గది తలుపు ఓరగా ఉంది. దుప్పటి మీదకి రెండు చేతులూ వెల్లకిలా పడేసి నిద్రపోతోంది. బొటనవేళ్ళ దగ్గర బొబ్బలు. డిసెంబరు ఆటకి ఆ మధ్యాహ్నం నుంచే మళ్ళీ ప్రాక్టీసట. కొంచెం వెన్న తెచ్చి బొబ్బల మీద రాశాను. నిద్రలోనే ఒక చెయ్యి లాక్కుంది, రెండోది ఇచ్చింది. కిందికి వచ్చేసరికి మా అమ్మాయి కొబ్బరి పచ్చడికి మిక్సీ పెట్టబోతోంది. ప్లగ్గు తీసేసి, తలుపు దగ్గరగా వేసి, ఆ పూట అందరికీ ఇడ్లీలు కారప్పొడితోనే పెట్టాను.