పాకాల దాటాక కనిపించిన జడలు

గత వారం తిరుపతిలో కాట్పాడి వైపు వెళ్ళే ప్యాసింజరు ఎక్కి కూర్చున్నాను. ఎదుటి బల్ల మీద ఒక కుటుంబం. తాత మొదలు చంకలోని పసిబిడ్డ దాకా అందరివీ నున్నని గుండ్లు, వాటి మీద ఆరి పొరలుగా చిట్లుతున్న గంధం. ఆ వాసన, ఎవరో విప్పిన పులిహోర పొట్లం వాసన, వేడెక్కిన ఇనుము వాసన కిటికీ గాలిలో కలిసిపోయాయి. నాకు తెలియకుండానే నా చేయి నడినెత్తికి పోయింది. అక్కడ నాకు రెండు సుళ్ళున్నాయి. చిన్నప్పుడు వాటిని చూసి, రెండు పెళ్ళిళ్ళవుతాయని ఇంటిల్లిపాదీ ఏడిపించేవారు. అయింది ఒక్కటే. సుళ్ళు మాత్రం మరో పనికి వచ్చాయి.

ఈ దారిలో బస్సే త్వరగా చేరుస్తుందని వాదించేవారితో నాకు పేచీ లేదు. అయితే బస్సులో మనకు కనిపించేది ముందువారి తల వెనుక భాగం. ఈ బండిలో బల్లలు ఎదురెదురుగా ఉంటాయి. చంద్రగిరి దాటేలోపు ఎదుటివారు మన ఊరు, మన చుట్టరికాలు, మన మోకాలి నొప్పికి వాడే మాత్ర అన్నీ రాబడతారు. కర్మాగారాల్లో కొలత పరికరాలను సరిచూడటం నా వృత్తి. సరిచూడనిదాన్ని నమ్మకపోవడం ఆ వృత్తి నేర్పిన అలవాటు. అందువల్ల ఈ చనువు నాకు చాలాకాలం చికాకుగానే ఉండేది. ఆ అభిప్రాయం మా అవ్వతో చేసిన ఒక్క ప్రయాణంలో మారిపోయింది.

అవ్వ అంటే మా నాయన తల్లి. కొన్నేళ్ళ కిందట ఆమెకు మరుపు మొదలైంది. ముందు పేర్లు పోయాయి, ఆ తరువాత ముఖాలు చెదిరిపోసాగాయి. ఒక్క మొక్కు మాత్రం నిలిచింది. "మరిసిపొయ్యేలోపల ఆ సామి జుట్టు ఆ సామికి ఇచ్చేస్తా" అని పట్టుబట్టింది. నడుము దాకా వేలాడే ఆ తెల్లని జుట్టును కొండమీద ఇచ్చేసి, గంధం పూసుకుని, పసుపు చీర కట్టుకుని, చిత్తూరుకు తిరిగి రావడానికి నాతో బండెక్కింది. తల మీద వెంట్రుక లేకపోయినా, తమలపాకులు దాచుకునే వక్కాకు సంచిలో కొయ్య దువ్వెన అలాగే ఉంది.

పాకాలలో జనం పోటెత్తారు. ఎవరిదో కూరగాయల మూట పైకి అందించి వెనక్కి తిరిగాను. అవ్వకు మంచినీళ్ళ సీసా ఇచ్చాను. ఆమె గటగటా సగం తాగి, "సల్లగా ఉండు తల్లీ, యా ఊరు మీది?" అంది. ఆ గొంతు మా అవ్వది కాదు. అదే గుండు, అదే గంధం, అదే పసుపు చీర, అవ్వ చోటులో కూర్చున్న మనిషి మాత్రం వేరు. అప్పటికే బండి కదిలింది.

అది ప్రతి చిన్న స్టేషనులోనూ ఆగే బండి. అవ్వ ఎక్కడ దిగినా తన పేరు, తన ఊరు చెప్పగలిగే స్థితిలో లేదు. ఎవరైనా దయతలచి కాట్పాడి దాకా తీసుకుపోతే, అక్కడి నుంచి దేశం నలుమూలలకూ బళ్ళున్నాయి. పెట్టెలోని వారికి నా శిక్షణ ప్రకారం ఆమె పొడవు, రంగు, చీర అంచు, అన్నీ తప్పు లేకుండా వివరించాను. తలుపు దగ్గర నిలబడ్డ పెద్దాయన సాంతం విని, "గుండూ గంధమూ అంటే ఈ బండిలో గురుతులేనా తల్లీ? నన్ను సూడు, నా పెండ్లాన్ని సూడు!" అన్నాడు. నవ్వారు కానీ ఒక్కరూ ఊరుకోలేదు. కిటికీ పక్కన కూర్చున్న ఆవిడ, "ఎట్లుంటాదో ఇడిసిపెట్టు మే. ఊరికే కూసున్నప్పుడు ఏం సేస్తాదో అది సెప్పు" అని అడిగింది.

"ఆడబిడ్డ కనిపిస్తే జడ వేస్తుంది" అన్నాను.

ఆ మాట నాకంటే ముందే పెట్టె దాటింది. ఒక బల్ల నుంచి మరో బల్లకు, అక్కడి నుంచి తలుపు దగ్గరి గుంపుకు, నన్ను ఎన్నడూ చూడని మనుషులు తమ సొంత మనిషి తప్పిపోయినట్టు దాన్ని అందిస్తూ పోయారు. నేను వెనుక నడిచాను. పక్క పెట్టెలో ఒక చిన్నపిల్ల కళ్ళు తుడుచుకుంటూ కనిపించింది. చెవి వెనుక నుంచే బిగించిన జడ, పైకి లేచి నిలిచిన కనుబొమ్మలు. బడికెళ్ళే రోజుల్లో అవ్వ బిగించిన జడకు నా కనుబొమ్మలు కూడా సాయంత్రం దాకా దిగేవి కావు.

"యెవురో అవ్వ, అడగనైనా అడగలా, పట్టుకోని అల్లేసింది. ఆ పక్కకే పాయ!" అంది పిల్ల తల్లి.

ఇంకాస్త ముందుకు మరొక జడ, దాని తరువాత మరొకటి. గాలికి రేగిన జుట్ల మధ్య ఆ బిగుతైన జడలే నాకు దారి చూపాయి. పూతలపట్టు దాటాక, చిట్టచివరి పెట్టెలో, కాలేజీ అమ్మాయిలిద్దరు తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు. వారి ముందు, నున్నని తలతో, ఒడిలో దువ్వెనతో మా అవ్వ.

నన్ను చూసి, "రామ్మా, కూసో. జుట్టంతా రేగిపోయుండాది. యెవురి బిడ్డవు నువ్వు?" అంది.

వెళ్ళి ఆమె మోకాళ్ళ ముందు కూర్చున్నాను. దువ్వెన నడినెత్తి దాకా వచ్చి ఆగింది. రెండు వేళ్ళు రెండు సుళ్ళ మీద నిలిచాయి. తరువాత వీపు మీద ఒక దెబ్బ పడింది.

"యాడికి పోతివే? నీ కోసరం ఎన్ని తలలు దువ్వి సూసినానో తెలుసునా!"

నేను ఆమెను వెతుకుతున్నాననుకున్నాను. ముఖాలు గుర్తు నిలవని మా అవ్వ, తనకు మిగిలిన ఒకే ఒక్క గుర్తును పట్టుకుని, దువ్వెనతో బండంతా నన్ను వెతుకుతూ వచ్చింది. అంతటి సునిశితమైన పరికరాన్ని నా వృత్తిలో నేను ఇంతవరకు చూడలేదు.

ఇప్పుడు అవ్వ లేదు, నా జుట్టూ పలచబడింది. కాలం ఆమె నుంచి నా పేరునూ ముఖాన్నీ తీసుకుపోయింది. రెండు వేలికొనలంత చోటు మాత్రం నా నెత్తిమీద ఆమె పేరిటే వదిలేసింది.