చర్చి గోడలో కుండలు

చెవి మిషను పెట్టుకున్నప్పటి నుంచి నాకు ఫోనంటే చిరాకు. అయినా మొన్న ఉదయగిరి నుంచి పాదిరిగారి మనవరాలు ఫోను చేసి, పాత చర్చి గోడకు పెచ్చులు గీకుతుంటే కుండలు బయటపడ్డాయనీ, లంకెబిందెలంటూ జనం గునపాలతో చేరారనీ చెప్పినప్పుడు, రెండో మాట అడగకుండా ఆత్మకూరు బస్టాండుకు నడిచాను. ఆ కుండలు నాకు తెలుసు. వాటి గురించి తేలకుండా పోయిన వాదన ఒకటి నాకు చాలా ఏళ్లుగా మిగిలి ఉంది.

నా ఈడువాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో మనకు వాదించడమంటే ఆకలి లాంటిది. నేను ఆత్మకూరులో గుమస్తాగా చేరిన కొత్త రోజులవి. సాయంత్రమైతే నలుగురం టీ బంకు దగ్గర చేరి ముహూర్తాలనూ, శకునాలనూ, కులాన్నీ ఉతికి ఆరేసేవాళ్లం. దేవుడు మనిషికి అవసరమా అన్న విషయం మీద బహిరంగ సభ పెట్టాలని బుద్ధి పుట్టింది గాని, చోటు దొరకలేదు. గుడివాళ్లు మండపం ఇచ్చేది లేదన్నారు, బడివాళ్లు తలుపు తీయలేదు. చివరికి ఉదయగిరి పాదిరిగారు కబురు పంపారు: ఆదివారం ప్రార్థన అయ్యాక మా చర్చిలోనే పెట్టుకోండి, జవాబు చెప్పడానికి నేనూ ఉంటాను అని. ఆ సంగతి విని మా నాయన తింటున్న కంచం ముందు నుంచి లేచాడు.

"వాళ్ల చర్చిలోకి పోయి వాళ్ల దేవుడే లేడంటావంట్రా? సిగ్గుండాదా నీకు?"

"మన గుడిలో చెప్తామంటే ఇయ్యలేదు కదా నాయనా."

నాయన "ఆ పాదిరెవురో గానీ గట్టోడే," అని మళ్లీ కూర్చున్నాడు.

దొరలు కట్టించి వదిలిపోయిన చర్చి అది. సున్నపు గోడలు, టేకు దూలాలు, కింద చాపలు, మైకు లేదు. వెనక గోడలో మనిషికి అందనంత ఎత్తున మట్టి కుండలు వరసగా, మూతులు మనవైపు తెరిచి పొదిగి ఉన్నాయి. నేను ఆ గోడకే ఆనుకుని కూర్చున్నాను. పాదిరిగారు సన్నటి మనిషి, దగ్గు మనిషి, గొంతు పెంచి మాట్లాడడమే తెలియదు. అయినా ఆయన ప్రతి మాటా పక్కన కూర్చుని చెప్పినట్టు వినబడింది. నా వంతు వచ్చినప్పుడు నేను మాత్రం కప్పు ఎగిరిపోయేలా అరిచాను. ఆ ఊపులోనే కుండల సంగతి కూడా ఎత్తాను. అవి ఉంటే గొంతు బాగా వినబడుతుందని పెద్దలు చెప్పేవారట, ఎందుకో పాదిరిగారికీ తెలియదట. తాయెత్తుకూ ఈ కుండకూ తేడా ఏమిటని నేను నిలదీశాను. పాదిరిగారు నవ్వి, పై ఆదివారం వాటిలో గుడ్డలు కుక్కి చూద్దాం, తేడా లేకపోతే ఈ చాప మీదే నిలబడి ఒప్పుకుంటానన్నారు. పరీక్ష పెట్టమనవలసింది హేతువాదిని నేను, అన్నది ఆయన! ఆ పై ఆదివారం రాకముందే నాకు బదిలీ అయింది. రిటైరై నేను ఆత్మకూరు తిరిగొచ్చేలోగా పాదిరిగారు పోయారు, సంఘం కొత్త స్లాబు చర్చికి మారింది, పావురాలు చేరుతున్నాయని ఎవరో కుండల మూతులు సున్నంతో పూసేశారు.

ఇప్పుడా పాత చర్చిని నాటకాలకూ బుర్రకథలకూ ఊరందరి మందిరంగా బాగుచేయిస్తున్నది ఆ మనవరాలే. ఆమె బడిపంతులమ్మ. పల్లె పిల్లలు మైకు కోసం కొట్టుకోకుండా సొంత గొంతుతో నాటకం ఆడే చోటు కావాలని పట్టు. గోడకు దెబ్బ తగిలితే ఇచ్చిన చోటు వెనక్కి తీసుకుంటామని సంఘం పెద్దలు ముందే చెప్పారు. నేను వెళ్లేసరికి ఆమె గోడకు అడ్డంగా నిలబడి ఉంది. ఎదురుగా, గునపం భుజాన వేసుకుని, వరికుంటపాడు గొర్రెల ఆసామి.

"కొండ మీద అంత కోట ఉండాది. రాజుల సొమ్ము యాడికి పోతాది సారూ?"

నా కుర్రతనంలో ఆ కుండలు తెరిచే ఉండేవి, ఖాళీవే, నేను చూశానన్నాను.

"నువ్వు చూసినాక పెట్టుండొచ్చు గదా? ఏమీ లేకుంటే మూతులెందుకు పూసినారు?"

తర్కంలో లోపం లేదు, ముచ్చటేసింది. గునపం దించి, నిచ్చెనెక్కి, చేత్తో సున్నం రాల్చి చూడమన్నాను. ఆయనే ఎక్కాడు. మోచేతి దాకా చెయ్యి పెట్టి గుప్పెడు పావురం ఈకలు తీశాడు. "దొరికిందిరా రాజుగారి సొమ్ము, దిండుకు పెట్టుకో!" అని కింద ఒకటే నవ్వు. మిగతావీ అంతే.

గోడ గట్టిపడుతుంది, కుండలను సిమెంటుతో నింపేస్తానన్నాడు మేస్త్రి. ఆమె నావైపు చూసింది. ముందు పరీక్ష కావాలన్నాను. గునపాలతో వచ్చినవాళ్లనే వెనక గోడ దగ్గర కళ్లు మూసుకుని నిలబడమని, ఆమెను వేదిక మీద నుంచి తాను రాస్తున్న నాటకం మామూలు గొంతుతో చదవమన్నాను. ఒకసారి కుండల్లో గోనెగుడ్డలు కుక్కి, ఒకసారి తీసి. ఏది ఎప్పుడో వాళ్లకు చెప్పలేదు. రెండోసారే చెవిలో చెప్పినట్టుందని ఆసామి అన్నాడు, గుడ్డలు తీసింది అప్పుడే. రెండూ ఒకటేనని మేస్త్రి. వరస మార్చి మళ్లీ చదివించినా సగం అటూ సగం ఇటూ.

"ఇంతకీ ఏం తేలింది సారూ?"

"తెలియలేదని తేలింది."

"ఇంత చదివినోడివి తెలీదంటావేంది?"

తెలియనిదాన్ని పూడ్చేయకూడదు, అంతవరకు మాత్రం తెలుసన్నాను. మేస్త్రి సణుగుతూ సిమెంటు బస్తా పక్కకు జరిపాడు. ఆసామి గునపం తీసుకుని గుమ్మం దాకా వెళ్లి వెనక్కి తిరిగాడు. "ఆ కత మిగిలింది ఎప్పుడు చెప్తావమ్మా?" అని అడిగాడు. ఆమె మొహంలో ఆ పొద్దున్నుంచీ లేని వెలుగు అప్పుడు చూశాను.

అందరూ వెళ్లాక, ఆనాటి సభలో నేను కూర్చున్న చోటే నిలబడి, మిషను తీసేసి ఆమెను ఇంకోసారి చదవమన్నాను. పెదవులు కదలడం కనిపించింది, అంతే. ఇవాళ ప్రతి వీధికీ మైకు ఉంది. తనను కాదనేవాడిని పిలిచి తన వేదికెక్కించే మనిషి నాకు కనబడటం లేదు. ఆనాడు దగ్గుతూ మాట్లాడిన ఆ సన్నటి గొంతు నా దాకా వచ్చింది కుండల వల్లనా, లేక ఎదుటివాడు ఏమంటాడోనని మేమంతా ఊపిరి బిగపట్టి కూర్చోవడం వల్లనా? గోడ నిలిచింది, కుండలు తెరిచే ఉన్నాయి. పాదిరిగారు లేరు, నా చెవులూ లేవు. ఆ పరీక్ష ఇక ఎలా చేయాలో నాకు తోచడం లేదు.