జానెడు మడత

ఈ మందులు ఇక పనిచేయడం లేదని, ఇంటికి తీసుకెళ్లి నొప్పి లేకుండా చూసుకోమని డాక్టరు చెప్పినప్పుడు నేను ఆ గదిలోనే ఉన్నాను. బయట కూర్చోమన్నారు, కదల్లేదు. రోగం నాదైతే మాట అమ్మావాళ్లకే ఎందుకు చెప్పాలి? పదిహేడేళ్లు వచ్చాయి నాకు.

ఆ రోజు నుంచి ఇంట్లో అందరూ నాతో మెత్తగా మాట్లాడటం మొదలుపెట్టారు. నా ఇంటర్ పుస్తకాలు అటకెక్కాయి. ఏం చదువుతావని అడిగే చుట్టాలు, ఏం తింటావని అడుగుతున్నారు. ఒళ్లు మండిపోయేది. బతికుండగానే నా ఫోటోకి దండేస్తున్నారు!

అంతలో పెద్దమ్మ కూతురి పెళ్లి కుదిరింది. అమ్మ నాకు పట్టులంగా బట్ట తీసుకుంది. చిలకలగూడలో మా సందు చివర, నా చిన్నప్పటి నుంచీ బట్టలు కుట్టే ఆంటీ దగ్గరికి ఇద్దరం వెళ్లాం. మా అమ్మ నా లంగాలన్నీ అడుగున లోపలికి మడత వేయించి కుట్టిస్తుంది. పిల్ల పొడుగైతే విప్పుకోవచ్చని. అడుగున పాత మడత గీత కనిపిస్తోందని నేను ఎన్నిసార్లు పోట్లాడినా వినలేదు. పోయినేడు కూడా వేయించింది.

"ఎప్పటిలెక్కనే మడత పెట్టాల్నా అక్కా?" అంది ఆంటీ.

"వద్దండీ. ఇప్పటి పొడుక్కే కుట్టెయ్యండి. మళ్లీ విప్పే పనుండదు."

అనేశాక గానీ తనేమందో అమ్మకు తెలియలేదు. ముఖం పాలిపోయింది. ఆంటీ తల వంచుకుని టేపు చుట్టసాగింది.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది.

"ఎందుకుండదు? ఎదగడం మానేశానని నీకెవరు చెప్పారు? ఆంటీ, ఈసారి జానెడు మడత పెట్టండి!"

"గంత పెడితే బరువైతది బిడ్డా. నడవనీకి జెర తక్లీఫ్ అయితది."

"అవనీండి. నడిచేది నేనే కదా!"

పక్కన కూర్చున్నావిడ అయ్యో పాపం అన్నట్టు చూసింది. నేను గుడ్లురిమి చూశాను. తల తిప్పుకుంది.

అమ్మ సుద్దముక్క తీసుకుని నా కాళ్ల దగ్గర కూర్చుంది. బట్టను నా నడుముకు పట్టించి, పాదాలు దాటి నేల మీద పడ్డ బట్టను తన చేత్తోనే జానెడు కొలిచి గీత గీసింది.

"ఇది విప్పేటప్పుడు నువ్వే కూర్చుని విప్పుకోవాలి. నావల్ల కాదు," అంది తలెత్తకుండా.

"విప్పుకుంటా," అన్నాను.