సాన్ రోకే కింద ఒక భుజం చోటు

స్పెయిన్‌లోని తోర్రెసెకాలో పన్నెండేళ్లు కాపురమున్నాక, ఆ ఊరి పద్ధతుల్లో తనకు తెలియనిది ఇక లేదని వీబ్రెన్ అనుకునేవాడు. మధ్యాహ్నం మూడు కొట్టనిదే భోజనానికి కూర్చోడు. పేకాటలో గెలిస్తే బల్లమీద పిడికిలి గుద్దుతాడు, ఓడితే ఇంకా గట్టిగా గుద్దుతాడు. చలికాలంలో పందిని కోసే రోజున రక్తపు సాసేజీల కోసం గంపెడు ఉల్లిపాయలు తరిగి కళ్లనీళ్లు పెట్టుకున్నాడు. ఉల్లిఘాటు అన్నాడు. ఎవరూ నమ్మలేదు, అయినా గ్లాసెడు వైను పోసి పక్కన కూర్చోబెట్టుకున్నారు. రెండువందల పన్నెండుమంది ఉన్న ఆ ఊళ్లో అందరూ అతన్ని అతని దేశం పేరుతో హాలండు అనే పిలుస్తారు. అసలు పేరు తపాలా మనిషి ఒక్కడికే అవసరం, అతనికీ నోరు తిరగదు.

ఒక్కటి మాత్రం మిగిలిపోయింది. ఆగస్టు పదహారున, ప్లేగునుంచి ఊరిని కాచే సాన్ రోకే విగ్రహాన్ని ఊరేగించేటప్పుడు, ఆ పల్లకీ కింద భుజం పెట్టడం.

పరాయి ఊరికి పోయిన మనిషికి ఇలాంటి కోరికలు ఎందుకు పుడతాయో చెప్పడం కష్టం. సొంత ఊళ్లో దేవుడి గడప తొక్కనివాడు కూడా దేశం దాటాక ముందు వరసలో నిలబడతాడు. అక్కడ చూసి నవ్వేవాళ్లు ఉండరని కాబోలు. వీబ్రెన్ తన ఊళ్లో చర్చికి వెళ్లింది రెండేసార్లు. ఒకటి పెళ్లికి. రెండోది, ఆ చర్చి ఒకపక్కకి కుంగుతోందంటే కొలవడానికి. ముప్ఫై అయిదేళ్లు కాలవల మీద సర్వేయరుగా పనిచేసిన మనిషి. నీటిమట్టంలో వేలెడు తేడా వస్తే పై అధికారుల్ని భోజనాల దగ్గర్నుంచి లేపుకొచ్చేవాడు. ఆ సంగతి గుర్తుపెట్టుకుంటే, తరవాత జరిగినదానికి మనకన్నా అతనే ఎక్కువ నవ్వుకున్నాడంటే ఆశ్చర్యమనిపించదు.

పైగా స్పానిష్ భాషని అతను ఒక పాత వ్యాకరణ పుస్తకంలో నేర్చుకున్నాడు. బార్‌లో కాఫీ అడిగినా కోర్టులో అర్జీ దాఖలు చేసినట్టుండేది.

ఏటా మే నెలలో ఊరి బార్‌లో ఉత్సవ సంఘం కూర్చుంటుంది. సంఘానికి పెద్ద ఫెలిసియానో, డెబ్భై ఏళ్ల వడ్రంగి. వీబ్రెన్ టోపీ తీసి లేచి నిలబడేవాడు.

"అయ్యా ఫెలిసియానో గారూ, ఈ సంవత్సరమైనను పల్లకీ మోయు భాగ్యమును నాకు ప్రసాదింపగలరా?"

"చూద్దాంలే హాలండూ."

ఆ ఊళ్లో ఎవరినీ ముఖం మీద కాదనరు. అది తిట్టుకన్నా హీనం. అందుకని చూద్దాం అంటారు, అంటే కుదరదని పాలుతాగే పిల్లకి కూడా తెలుసు. వీబ్రెన్ మాత్రం ఇంటికెళ్లి డైరీలో "పరిశీలనలో ఉన్నది" అని రాసుకునేవాడు. అలా ఏడేళ్లు పరిశీలనలో ఉంది.

ఎనిమిదో ఏడు అదృష్టం తలుపు తట్టింది. మోసే ఎనిమిదిమందిలో రొట్టెలు కాల్చే ఆయనకి హెర్నియా ఆపరేషన్ అయింది. వయసులో ఉన్నవాళ్లంతా సరగోసా పట్నంలో ఉద్యోగాల్లో ఉన్నారు. వేరే దారి లేక ఫెలిసియానో జులైలో కబురుపెట్టాడు. "రేపు సాయంత్రం నా కొట్టు దగ్గరికి రా. ఇసక మూటలతో మోత నేర్చుకుంటాం."

మర్నాడు వీబ్రెన్ చొక్కా ఇస్త్రీ చేసుకుని మరీ వెళ్లాడు.

ఫెలిసియానో లోపల్నుంచి ఒక కర్ర తెచ్చాడు. దానిమీద వాళ్ల తాత చాకుతో పెట్టిన గాటు ఉంది. మోసేవాడి భుజం ఆ గాటుకి సరిపోవాలి, లేకపోతే పల్లకీ ఒరుగుతుంది. ఏడుగురూ ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. అందరికీ కాస్త అటూఇటూగా సరిపోయింది. వీబ్రెన్ నిలబడ్డాడు. గాటు అతని చంకకి బెత్తెడు కింద ఉంది.

రెండు మీటర్ల మనిషి, జీవితమంతా మట్టాలు కొలిచిన మనిషి, ఏడేళ్లలో ఒక్కసారైనా తన భుజం కొలుచుకోలేదు. ఆ ముక్క అతనికే మొదట తట్టింది. చెవులు ఎర్రబడ్డాయి.

"మోకాళ్లు వంచెదను," అన్నాడు.

వంచాడు. పల్లకీ లేచింది. నాలుగడుగులు నడిచేసరికి అతని మోకాళ్లు వాటంతటవే నిటారయ్యాయి. ఆ వైపు బరువంతా అతనొక్కడి మీద పడింది, వెనకున్న ముగ్గురి భుజాలమీద గాలి తప్ప ఏమీ లేదు.

"ఒరే, హాలండు మోస్తున్నాడ్రా, మనం పోయి బీరు తాగొద్దాం," అన్నాడు వెనకనుంచి ఒకడు. ఆ నవ్వుకి ఇసక మూట జారి ఫెలిసియానో కాలిమీద పడింది.

సరిగ్గా అప్పుడే అసూన్ బీర్లు పట్టుకొచ్చింది. ఫెలిసియానో తమ్ముడి భార్య, భర్త పోయాక ఊళ్లో ఉన్న ఒక్క బార్‌నీ నడుపుతోంది. పళ్లెం వీబ్రెన్ చేతుల్లో పెట్టి, కర్ర తీసుకుని పక్కన నిలబెట్టుకుంది. గాటు ఆమె భుజానికి దారం పట్టినట్టు సరిపోయింది.

"బావగారూ, గాటు కనిపిస్తోందా, కళ్లజోడు తెమ్మంటారా?"

"అమ్మాయ్, ఆడవాళ్లు ఎప్పుడూ మోయలేదు కదా..."

"ముప్ఫై ఏళ్లుగా మీరు తాగే బీరు పీపాలు మెట్లెక్కిస్తున్నది ఎవరనుకున్నారు? సాన్ రోకేనా?"

"మోస్తానని నువ్వెప్పుడూ అడగందే!"

"ఎందుకడగడం? చూద్దాం అనేవారు. నేనేమన్నా హాలండునా, నమ్మడానికి?"

పళ్లెం పట్టుకుని నిలబడ్డ వీబ్రెన్‌కి ఏడేళ్ల డైరీ ఒక్కసారిగా అర్థమైంది. ముందు సిగ్గేసింది. తరవాత పళ్లెంలో గ్లాసులు గలగలమనేంతగా నవ్వొచ్చింది. వడ్రంగి కొలతతో వాదించలేడు. ఫెలిసియానో మెడ గోక్కుని, "సరే, నీ చోటు ఎడమపక్క రెండోది," అన్నాడు మరదలితో.

మరి హాలండు? ఫెలిసియానో మూలనుంచి ఇంకో కర్ర తీశాడు, చివర చీలిన పొడుగాటిది. ఊరి సందుల్లో ఇళ్లమధ్య వేలాడే కరెంటు తీగలు విగ్రహానికి తగలకుండా ఎత్తిపట్టే కర్ర. చలికాలంలో చనిపోయిన సాతుర్నినోది.

"వాడు స్టూలెక్కి ఎత్తేవాడు. నీకు స్టూలు అక్కర్లేదు."

"ఇది మోయుట కాదు గదా," అన్నాడు వీబ్రెన్.

"కాదు," అన్నాడు ఫెలిసియానో. ఆ పెద్దమనిషి తన ముఖం మీద కాదనడం అదే మొదటిసారి. వీబ్రెన్ దాన్నీ డైరీలో రాసుకున్నాడు.

పదహారో తారీఖు పూజ అయ్యాక, మిటమిటలాడే ఎండలో సాన్ రోకే బయల్దేరాడు. తొడమీది ప్లేగు పుండు చూపిస్తూ, పక్కన రొట్టె కరుచుకున్న కుక్కతో. వీబ్రెన్ పక్కన నడుస్తూ ఒక్కో తీగా ఎత్తాడు. పద్దెనిమిది తీగలు, ఒక్కటీ తగల్లేదు. ముందురోజే వాటిని లెక్కపెట్టి, ఎత్తులు కొలిచి, పటం గీసుకున్నాడు మరి. కొలవడం మొదలుపెడితే ఆపలేని మనిషి.

పటంలో లేనిది పంతొమ్మిదోది. తన బార్ ముందు అసూనే ఆ పొద్దున కట్టిన రంగుకాగితాల తోరణం. దానికన్నా ముందు వీబ్రెన్‌కి అసూనే కనిపించింది. మెడనరాలు ఉబ్బి, చెమట కారుతూ, మోతకర్ర కింద పకపకా నవ్వుతోంది. ఆ చోటు నాది కావలసింది అనుకున్నాడు. ఎంతసేపు అనుకున్నాడో తెలియదు.

"తోరణం! హాలండూ, తోరణం!"

సాన్ రోకే టోపీ తాడుకి చిక్కుకుంది. విగ్రహం వెనక్కి ఒరిగింది. వీబ్రెన్ కర్ర పారేసి రెండు చేతులా కావలించుకున్నాడు. ఆ ఊళ్లో మరెవరి చేతులూ అంత ఎత్తు అందవు. కుక్క నోట్లో రొట్టె డొక్కలో గుచ్చుకుంటుండగా, దేవుడి ముక్కూ తన ముక్కూ రాసుకుంటూ నిలబడ్డాడు. సందు మలుపులో ఉన్న బ్యాండువాళ్లకి సంగతి తెలియక వాయిస్తూనే ఉన్నారు. ఫెలిసియానో స్టూలు తెప్పించి, ఎక్కి, తాడు తప్పించాడు.

"ఇక వదులు హాలండూ, ఆయన నీ పెళ్లాం కాదు!"

ఆ ఫొటో ఇప్పటికీ అసూన్ బార్‌లో గోడకి ఉంది. మోసే ఎనిమిదిమందీ అందులో కనపడరు. కనిపించేదల్లా సాన్ రోకే, ఆయన్ని పడదోయబోయి పట్టుకున్నవాడూ.

తరవాతి మే నెలలో వీబ్రెన్ లేచి నిలబడలేదు, టోపీ తీయలేదు, ఏమీ అడగలేదు. సమావేశం అయిపోవస్తుంటే ఫెలిసియానోయే గొంతు సవరించుకున్నాడు.

"హాలండూ, ఈ ఏడూ తీగలెత్తుతావు కదా? నీ అంత పొడుగు ఇంకెవరున్నారు మాకు?"

వీబ్రెన్ గ్లాసు కింద పెట్టాడు. వ్యాకరణ పుస్తకం ఒక్కసారి కూడా గుర్తురాలేదు.

"చూద్దాంలే ఫెలిసియానో."

కౌంటరు వెనక అసూన్ కడుగుతున్న గ్లాసు చేజారింది. ఫెలిసియానో అయోమయంగా, ఆశగా, మెడ చాచి చూస్తున్నాడు. ఏడేళ్లపాటు తన ముఖం ఎలా ఉండేదో వీబ్రెన్ ఆ రోజు తీరిగ్గా చూసుకున్నాడు.