కలెకంప మొలిచిన మూల

సిరిసిల్లలో ముప్పై ఏళ్లు మర మగ్గాల చప్పుడు మధ్య బతికాం. కొడుకు బట్టల దుకాణం పెట్టుకుంటానంటే మళ్లీ కోరుట్ల ఇంటికి వచ్చాం. ఇన్నేళ్లూ తాళం వేసి ఉన్న ఇల్లు. ముందు అర్రలు కడిగి, సున్నం వేయించాం. పెరటి దాకా రావడానికి నెల పట్టింది. సర్కారు తుమ్మ, గడ్డి అంతా కొట్టించాక గోడ మూలన ఒక పొద మిగిలింది. కొట్టే మనిషి చేతులు గీరుకుపోయి దాన్ని వదిలేశాడు. దగ్గరికి పోయి చూస్తే కలెకాయలు. బజారులో వాక్కాయలని అమ్ముతారే, అవే. పై కొమ్మలకు పచ్చివి, కింద కొమ్మలకు నల్లగా మాగినవి.

నేను కోడలిగా వచ్చినప్పుడు ఆ మూలన ఏ చెట్టూ లేదు. ఏ పిట్టో గింజ వేసి ఉంటుందనుకుని కొంగు పట్టాను.

కోస్తుంటే నా మొదటి బిడ్డ గుర్తుకొచ్చింది. అది కూడా ఈ కాయల రోజుల్లోనే, వానల్లోనే పుట్టింది. తొమ్మిది రోజులు ఉండి పోయింది. ఇరవై ఒకటో రోజున పెట్టాల్సిన పేరు పెట్టనే లేదు. పసిపిల్లలను మాలో కాల్చరు, పూడ్చిపెడతారు. ఎక్కడ పూడ్చారో తల్లికి మాత్రం చెప్పరు. చెబితే అక్కడికే పోయి కూర్చుంటుందని, మళ్లీ కడుపు పండదని. మంచంలో నుంచి నేను అడిగితే మా అత్త ఒకే మాట అన్నది.

"వాగొడ్డుకు పోయింది బిడ్డా. నీళ్ల పక్కన సల్లగున్నది."

నలభై ఏళ్లు ఆ మాటనే నమ్మాను. బస్సు వాగు వంతెన మీదికి రాగానే మాట్లాడుతున్న మాట ఆపేసి కిటికీ వైపు తిరిగేదాన్ని. ఏ రాయి పక్కన, ఏ గడ్డ మీద అని వెతికేదాన్ని. తర్వాత కొడుకు పుట్టాడు, పెద్దవాడయ్యాడు. అయినా ఆ చోటు ఒక్కసారి చూడాలన్న కోరిక చావలేదు.

పచ్చికాయలు చీల్చి, గింజలు తీసి, ఉప్పూ పసుపూ కలిపి మూడు రోజులు ఊరబెట్టాను. ఎండకు ఆరబోసి, కారం, మెంతిపొడి, ఎల్లిపాయ వేసి రోట్లో నూరి, కాగిన నూనె పోశాను. మాగినవి బెల్లం పాకంలో వేశాను. యాభై దాటాక అక్షరాలు నేర్చుకున్నదాన్ని కదా, ఏది చేసినా చీటీ రాసి అంటించడం అలవాటయింది. "కలె తొక్కు" అని రాసి ఒక సీసా సంచిలో పెట్టుకుని జగిత్యాల బస్సెక్కాను. పోయిన మా ఆయనకు చెల్లెలు అక్కడ ఉంటుంది. నేను కాపురానికి వచ్చేనాటికి ఆమె పావడా కట్టుకునే పిల్ల. యాభై వచ్చినా నాకు పిల్లే.

వేడన్నంలో కలుపుకుని నాలుగు ముద్దలు తిన్నది.

"మస్తున్నది వదినె. నా మొగనికి దొరకకుంట దాస్త. కాయలు యాడియి, అంగట్ల కొన్నవా?"

"అంగడేంది పిల్లా, మన పెరట్లయే. బర్ల కొట్టం ఎనుక గోడ మూలకు ఇంత పొద మొలిచింది."

ఆమె చేయి పళ్లెంలోనే ఆగింది.

"నువ్వు తిన్నవా?"

"తినక? వారం సంది ఇంటిల్లిపాది తింటున్నం."

ఆమె మిగిలిన అన్నం మీద నీళ్లు పోసి చేయి కడిగేసింది. నేను ఏమైందని అడిగాను. కొంగుతో చేయి తుడుచుకుంది.

"అవ్వ చెప్పద్దన్నది వదినె. అవ్వ సచ్చినంక ఎట్ల చెప్పాల్నో తెల్వలే. గా దినం వాగు రెండొడ్లు పట్టుకొని పారుతున్నది. నాయిన చిన్నదాన్ని సంకల పెట్టుకొని పోయిండు, జరసేపట్లనే మళ్లొచ్చిండు. పెరటి తలుపు పెట్టుకున్నరు. తెల్లారి యాడికెల్లో కలెకంప గుంజుకొచ్చిండ్రు."

కంప ఎందుకో ఆమె చెప్పలేదు, నేను అడగలేదు. పసిపిల్లలను పూడ్చిన చోట కుక్కలు తవ్వకుండా ముళ్లకంప పరుస్తారని మాలో ఎవరికి తెలియదు?

"కాయలున్న కంప. తొవ్వంత రాలినయి. నేను ఏరుకొని నోట్లేసుకుంటుంటె అవ్వ మూతి మీద కొట్టింది."

"పెట్టంగ నువ్వు సూసినవా?"

"తలుపు పెట్టుకున్నరంటి కద. ఎట్ల సూస్త?"

"అయితె నీకు తెల్వది."

"తెల్వది వదినె. కంప ఒక్కటే సూసిన."

తిరుగు బస్సులో ఆ పిల్ల చెప్పిన అవ్వే, మా అత్తే గుర్తుకొచ్చింది. ఇంటి చాకిరీ అంతా నా చేత చేయించిన మనిషి, కొట్టం వెనుక పేడ తట్ట మాత్రం ఒక్కనాడూ నా చేత మోయించలేదు. నా మీద ప్రేమ అనుకున్నాను. వాగు వంతెన ఎప్పుడు దాటామో నాకు తెలియలేదు.

ఆ పొద్దు కొడుకు అన్నానికి కూర్చుని తొక్కు గిన్నె దగ్గరికి జరుపుకున్నాడు. వద్దనాలని నోటిదాకా వచ్చింది. ఏమని చెప్పి వద్దనాలి?

"ఇంకింత ఎయ్యే అమ్మా. రేపు గుంత తవ్వేటోడు వస్తున్నడు, బాత్రూంకు. గా మూలకే తవ్విస్త. ముండ్ల పొద గూడ పీకేస్తడు."

"ఆడ వద్దు కొడుకా."

"మరి యాడ?"

"గీ పక్కకు, బాయి దిక్కు. కాసే చెట్టును పీకొద్దు."

"ముండ్ల చెట్టుకు గింత రంది ఏందే?" అని నవ్వి, మళ్లీ వేసుకున్నాడు. వాడు తిన్నంతసేపూ నేను గోడకు ఆనుకుని చూస్తూ కూర్చున్నాను. వీడికి అక్క ఉండేదని కూడా నేను ఎప్పుడూ చెప్పలేదు.

పొద్దున తవ్వేవాడు వచ్చాడు. బావి వైపే మొదలుపెట్టాడు. ఆ గోడ మూల నుంచి పది అడుగులు ఉంటుంది. అయినా అదే చోటని చూసినవాళ్లు ఎవరున్నారు? కొట్టం వెనుక అంతా ఆ చోటే కావచ్చు. నేను పీట వేసుకుని గుంత ఒడ్డునే కూర్చున్నాను. వాడు తీసిన ప్రతి తట్టా నా ముందే పోయించుకున్నాను. పుల్లతో కెలికి చూశాను. పెంకులు, బొగ్గు, ఒక పాత గాజు ముక్క. గాజు పెద్దదే, ఆడమనిషి చేతిది.

"ఏందవ్వా, లంకెబిందెలున్నయా? దొరికితె నాకు సగమియ్యాలె మరి."

"తవ్వు నాయినా, మెల్లగ తవ్వు."

నడుములోతుకు వచ్చాక గడ్డపార ఒక వేరుకు తగిలింది. పొద వైపు నుంచి వచ్చిన వేరు. తెగిన చోట తెల్లగా పాలు కారాయి. వాడు దాన్ని గుంజబోయాడు.

"గుంజకు" అన్నాను. "దాని మీద మట్టి కప్పు."

"వేరే కదవ్వా, ఏంగాదు."

"కప్పు."

వాడు నా మొహం చూసి, పిడికెడు మట్టి తీసి కప్పాడు. ఇంకొంచెం అన్నాను. ఇంకొంచెం కప్పాడు.