పత్తిగింజలు తిన్న దున్నపోతు

రాష్ట్రం విడిపోయిన మరుసటి ఏడు, పత్తి తీతలు మొదలయ్యే వేళకు, నన్ను జగ్గయ్యపేటకూ వత్సవాయికీ మధ్యనున్న ఒక ఊరి పశువైద్యశాలకు బదిలీ చేశారు. హోదా వెటర్నరీ అసిస్టెంట్ సర్జన్. ఎవరికి అసిస్టెంటునో రిటైరయ్యేదాకా నాకు తెలియలేదు. ఆసుపత్రిలో నేనూ, ఒక అటెండరూ, తలుపు సరిగా పడని ఫ్రిజ్జూ ఉండేవాళ్లం.

చేరిన వారానికే రామబ్రహ్మంగారి నుంచి కబురొచ్చింది. ఆయన ఊళ్లో పెద్ద రైతు. హర్యానా నుంచి ముర్రా దున్నపోతును లారీలో తెప్పించి, ఊరి గేదెలన్నిటికీ ఉచితంగా దాటిస్తున్నారు. గేదెలు మాత్రం చూడి నిలవడం లేదు. దాటించిన గేదె మూడు వారాలకల్లా మళ్లీ ఎదకు రావడాన్ని మేము తిరగపొర్లడం అంటాం. ఆ లెక్కన ఊరంతా పొర్లుతోంది.

"గేదెలకేదో తెగులు పట్టింది డాక్టరుగారూ. ఇంజక్షన్లేవో పొడిచెయ్యండి" అన్నారాయన.

చేతికి తొడుగు వేసుకుని గర్భసంచులు తడిమి చూశాను. ఒకటీ అరా తప్ప అన్నీ ఆరోగ్యంగానే ఉన్నాయి. అలా బాగున్నవాటిలో ఒకటి కరుణమ్మది. ఆమె రామబ్రహ్మంగారి చేలోనే పత్తి తీసే కూలీ. ఉన్నది ఆ ఒక్క గేదె, అదీ వట్టిపోయి చాలా కాలమైంది. చూడి కడితే మళ్లీ ఇంట్లో పాలు. కట్టకపోతే కంచికచర్ల నుంచి వచ్చి కోతకు గొడ్లను కొనే బేరగాడు. మూడో దారి లేదు.

ఆడవి బాగుంటే చూడవలసింది మగదాన్ని. ఆ మాట వీలైనంత మర్యాదగా చెప్పాను. రామబ్రహ్మంగారు సంతోషంగా ఒప్పుకున్నారు. దున్నను చూస్తాననడం దాన్ని మెచ్చుకోవడానికేనని ఆయన నమ్మకం.

మెచ్చుకోవలసిన దున్నే. నల్లగా నిగనిగలాడుతూ, కొట్టం గుమ్మానికి సరిపడా ఉంది. అయితే దున్న పనికొస్తుందో లేదో తేల్చడానికి మాకొక వరుస ఉంది. ముందు కళ్లు, కాళ్లు, గిట్టలు. తరువాత వృషణాలు తడిమి గట్టిదనం చూసి, టేపుతో చుట్టుకొలత తీస్తాం. ఆపైన కృత్రిమ యోనిలోకి వీర్యం పట్టాలి. అది లోపల వేణ్ణీళ్లు పోసిన రబ్బరు గొట్టం. వేడి కాస్త తేడా వచ్చినా దున్న మొహం తిప్పుకుంటుంది. అంత శ్రద్ధగా నాకెవరూ స్నానానికి నీళ్లు తోడలేదు.

మంచి వీర్యం సూక్ష్మదర్శిని కింద ఎసట్లో బియ్యంలా సుడులు తిరుగుతుంది. ఇక్కడ కణాలు ఆఖరి బస్సు వెళ్లిపోయాక స్టాండులో మిగిలిన జనంలా ఉన్నాయి. రంగు వేసి చూస్తే ఎక్కువ వాటికి తోకలు వంకరపోయో, విరిగిపోయో ఉన్నాయి.

ఏం మేపుతున్నారని అడిగాను.

"మేపులో లోటు చేస్తామాండీ! పత్తిగింజలు నానేసి, రుబ్బి, గంపలకి గంపలు పెట్టిస్తున్నా."

అక్కడుంది తంటా. పాడి గేదెకు పత్తిగింజలు పెడితే పాలలో వెన్న పెరుగుతుంది. ఆ ప్రాంతంలో పత్తికి కొదవలేదు కనుక, గేదెకు మంచిదైతే దున్నకు ఇంకా మంచిదనుకున్నారు. గింజల్లో గాసిపాల్ అనే పదార్థం ఉంది. మితిమీరితే అది నేరుగా వీర్యకణాల తోకల మీద పడుతుంది. మానేస్తే రెండు మూడు నెలల్లో దున్న తేరుకుంటుంది. అందుకని గింజలు ఆపమన్నాను. మళ్లీ పరీక్ష చేసేదాకా దాటించకుండా కట్టేయమన్నాను.

"గింజలు ఆపుతానండీ. కట్టేస్తే మాత్రం, ఎందుకు కట్టేశావయ్యా అని అడిగినోడికి ఏం చెప్పమంటారు? నేను ఊళ్లో తలెత్తుకు తిరగొద్దా?"

గింజలు ఆగాయి. దున్న ఆగలేదు.

కరుణమ్మకు నేనే చెప్పాను, నీ గేదెలో లోపం లేదమ్మా, ఈసారి ఎదకొస్తే ఆసుపత్రికి తోలుకురా, వేరే దున్న వీర్యంతో చూడి సూది వేస్తానని. ఆమె కాసేపు గేదె వీపు నిమిరింది.

"మీ మాట నిజమే అయ్యుంటదండీ. ఊరికినే ఇస్తానన్న అయ్యగారి దున్నని కాదని మీ కాడికి తోలుకొస్తే, రేపు నేనెవరి చేలో పత్తి తియ్యాలండీ? మీ ఆసుపత్రిలో పత్తుందా?"

"దూది ఉందమ్మా" అన్నాను.

నవ్వింది. నవ్వించినందువల్ల ఏ గేదే చూడి కట్టదు.

తరువాతి ఎదకు ఆమె గేదెను ఆ దున్న దగ్గరికే తోలుకెళ్లింది. నిలవలేదు. బేరగాడు వచ్చాడు. ఊళ్లో పొర్లుతున్న మిగతా గేదెలు కూడా చాలామటుకు అదే బండెక్కాయి.

గింజలు మానేసిన మూడో నెలలో దున్నను మళ్లీ పరీక్షించాను. ఎసరు చక్కగా మరుగుతోంది. ఆ మాట చెప్పగానే రామబ్రహ్మంగారు తొడ చరిచారు.

"నే చెప్పలా డాక్టరుగారూ! గొడ్డుమోతువన్నీ పోయాయి, ఊరికి పట్టిన దోషం పోయింది. ఏమే కరుణమ్మా, అంతేనా?"

వాకిట్లో పత్తి గోతం దించుతున్న కరుణమ్మ "అంతేనండి" అంది. నా వైపు చూడలేదు.

వైద్యపరంగా అది నేను నయం చేసిన కేసు. దున్న ఆ తరువాత చాలా దూడలకు తండ్రి అయింది.

మిగిలిన సర్వీసంతా, తిరగపొర్లే గేదెను ఎవరు తోలుకొచ్చినా రెండు ప్రశ్నలు అడిగేవాణ్ణి. దున్న ఏం తింటోంది? గేదెగలవాళ్లు ఎవరి చేలో పని చేస్తున్నారు? మొదటిది మాకు కాలేజీలో నేర్పారు. రెండోదానికి జవాబు దొరికినా రాయడానికి మందు లేదు. ఎవరికి సలహా ఇచ్చి లాభం లేదో మాత్రం ముందే తెలుస్తుంది.