వానకాలువలో గుల్నార్

ఎన్ని నదులు వచ్చి కలిసినా సముద్రుడు రంగు మారడని పెద్దల మాట. విశాఖ పాతనగరంలో చీరలకు రంగులద్దే రఫీకి ఈ మాట ఎవరు చెప్పారో తెలియదు గాని, ఆయన దానిని నమ్మినంత గాఢంగా పండితులు కూడా నమ్మి ఉండరు. పని ముగిశాక కాగులో మిగిలిన నీళ్ళను దుకాణం వెనుకనున్న వానకాలువలోకి వంచి, ఆపై భారమంతా సముద్రుడిదేనని చేతులు దులుపుకొనేవాడు.

ఆ కాగు సామాన్యమైనది కాదు. తాతగారి నాటి రాగి కాగు. అందులో పుట్టే రంగులలో మేటి గుల్నార్, అనగా దానిమ్మపువ్వు ఎరుపు. వెలసిన చీర అందులో మునిగితే పెళ్ళికూతురై లేచేది. ఆ ఎరుపు కుదిరే రహస్యాన్ని రఫీ తన భార్య ఫాతిమాకు సైతం చెప్పలేదు. ఆమె అడగనూ లేదు. అడగకుండా వినవలసివస్తున్న గొప్పలే చాలునని ఆమె అభిప్రాయం.

కాలువ సముద్రపు పాయలో కలిసే చోట చేపలమ్మే నూకాలుకు రఫీ పనులన్నీ ఆయన పక్కన కూర్చుని చూసినట్టే తెలిసిపోయేవి.

"ఏటి రఫీ బావూ, ఎవలికి పెళ్ళేటి? కాలవంతా ఎర్రగా వొచ్చీసింది. మా సేపలు పారాణెట్టుకుని తిరుగుతన్నాయి!"

"నీ చేపల అదృష్టం నూకాలూ. ఊళ్ళో అడిగితే ఊరికే దొరుకుతుందా ఆ రంగు?"

ఇట్లుండగా నగరపాలక సంస్థ శానిటరీ ఇనస్పెక్టర్ హిమబిందు దుకాణానికి వచ్చింది. సబ్బవరం రైతుబిడ్డ, మాట మెత్తన, పట్టు గట్టిది.

"ఇళ్ళల్లో మురుగు భూగర్భ డ్రైనేజీలోంచి శుద్ధి కేంద్రానికి పోతాదండి. వానకాలవ అలా కాదు, తిన్నగా సముద్రంలోకే. మద్దిలో కడిగీవోలెవలూ లేరు. అందుకని దాంట్లో వాన తప్ప ఇంకేటీ పోకూడదు. మీరో గుంట తవ్వించండి. పటికేసి తేర్చి, తేట నీళ్ళు డ్రైనేజీకి వదలండి. ఇంకోసారి కాలవలో మీ రంగు కనబడిందంటే కాగు పట్టుకుపోతాను."

"అలాగే మేడమ్" అన్నాడు రఫీ, వినయమంతా ఒలకబోసి.

గుంటకు బదులు ఆయన ఉపాయం తవ్వాడు. వాన కురిసే వేళ వంచితే ఆ వరదలో రంగేదో, నీరేదో ఎవరికి తెలుస్తుంది? పూర్వకవులు మేఘునితో విరహసందేశాలు పంపారు. రఫీ కాగు అడుగు నీళ్ళు పంపదలచాడు. అయితే మేఘుడు కవులకు లొంగినట్టు రంగులద్దే రంగరేజులకు లొంగడు. డాల్ఫిన్ కొండ మీద మబ్బు కమ్మింది, జల్లు మొదలైంది, రఫీ కాగు వంచాడు. వెంటనే ఎవరో పిలిచినట్టు మబ్బు సముద్రం మీదికి వెళ్ళిపోయింది. కాలువ నిండా గుల్నార్, పైన నిర్మలాకాశం.

హిమబిందు ఆ నీటిని గాజుసీసాలో పట్టుకొని గుమ్మంలో నిలబడింది. వెనుక గంపతో నూకాలు, వినోదం ఉచితమని.

"ఇది మీదేనాండి?"

"తోబా! నాదెందుకవుతుంది మేడమ్? ఈ వీధిలో ఇంకా రెండు రంగుల దుకాణాలున్నాయి" అన్నాడు రఫీ, సీసావంక చూడనైనా చూడకుండా. ఒక చెయ్యి మాత్రం కాగు అంచును వదలలేదు.

హిమబిందు తల ఊపింది. "నానూ అదే అనుకున్నాను. ఇంత నాసిరకం రంగు మీది కాదులెండి. ఎవరో ఇటికిపొడి కలిపీసినట్టున్నారు."

"ఇటుకపొడా!"

రఫీ గభాలున సీసా లాక్కొని ఎండకెత్తాడు. "కళ్ళు పెట్టి చూడమ్మా! ఎండ తగిలితే అంచున పసిమి మెరుస్తోందా? ఇది గుల్నార్! మా తాత తరువాత నేను తప్ప ఈ ఊళ్ళో ఇంకెవడు..."

అక్కడ ఆగాడు. ఆగవలసిన చోటు చాలా వెనుకనే దాటిపోయింది.

"అయ్యో బావూ," నూకాలు గంప దించి మరీ నవ్వింది, "నీ గొయ్యి నువ్వే తవ్వీసుకున్నావు గదా!"

"ఆ గొయ్యేదో ముందే తవ్వుంటే మేడమ్‌గారికి ఈ శ్రమ ఉండేదా?" అంది ఫాతిమా లోపలినుంచి. "కాగుతో పాటు ఆయన నోరు కూడా పట్టుకుపోండమ్మా, పుణ్యముంటుంది."

రఫీ కాగు ముందు చేతులు చాచి నిలిచాడు. ముఖంలో గుల్నార్ పూర్తిగా వెలసిపోయింది. "తాత చేతి కాగు మేడమ్. ఒక్క అవకాశం."

హిమబిందు కాగును చూసింది, ఆయనను చూసింది. "మళ్ళీ వానొచ్చేలోగా గుంట కనబడాలి. లేదంటే మాట్లాడ్డానికి రాను, బండితో వస్తాను."

ఆనాటి నుండి రఫీ మబ్బును చూసి మురియడం మాని, వణకడం నేర్చాడు. తానే పలుగు పట్టాడు. ఫాతిమా ఇసుక ఎత్తింది. ఇంట్లో ఉన్న పటికే రంగునీటిని విరిచింది. పైకి తేరిన తేటను డ్రైనేజీ గొట్టం అందుకొంది.

గుంట ముగిసిన కొద్దికాలానికి కుంభవృష్టి కురిసింది. అన్నమాట ప్రకారం హిమబిందు వచ్చి, గుంటను చూసి, కాలువ నీరు సీసాలో పట్టింది. నీరు ఎర్రగానే ఉంది! ఫాతిమా ఈసారి తానే కాగుకు అడ్డం నిలిచింది. రఫీ మాత్రం తొణకలేదు. సీసాను వెలుగుకెత్తి ఒకసారి తిప్పి, పెదవి విరిచాడు.

"ఇది నాది కాదమ్మా. మన ఊరి గుట్టల మీది ఎర్రమట్టి, వాన కడిగి తెచ్చింది. నేనైతే ఇంతకంటే బాగా వేస్తాను."

హిమబిందు నవ్వి సీసా వంచేసింది. కాగు పొయ్యి మీదనే ఉండిపోయింది.